పొడి కాళ్లు

ఆలిచిప్ప నోరు తెరవాలంటే కత్తి మొనని దాని రెండు పెదవుల మధ్య పెట్టి మణికట్టు ఒక్కసారి తిప్పాలి. బేథియా మధ్యాహ్నం నుంచీ తిప్పుతూనే ఉంది. లోపలి కండని గీకి తీయడం, గాలానికి గుచ్చడం, గాలాలు కట్టిన తాడుని గంపలో చుట్టలు చుట్టలుగా పేర్చడం, చిక్కు పడకుండా వరసకీ వరసకీ మధ్య ఎండుగడ్డి పరచడం. గాలాలన్నిటికీ ఎర గుచ్చితేగానీ రేపు పొద్దున గిల్బర్ట్ పడవెక్కడు. అతను పొయ్యి పక్కన కూర్చుని పైపు కాలుస్తున్నాడు. అతని ఉన్ని మేజోళ్లు నిప్పు ముందు ఆరుతున్నాయి. మగవాళ్లు చేపలు పడతారు అంటారు ఆ ఊళ్లో. ఎర ఏరడం, గుచ్చడం, పట్టుకొచ్చిన హాడక్ చేపల్ని గంపకెత్తి బాంఫ్ పట్నం దాకా నడిచి ఇంటింటికీ తిరిగి అమ్మడం ఆడవాళ్ల పని. ఆ పనికి మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

"రేపు చూసి అడుగెయ్యి," అంది అత్త మార్జరీ, కత్తి ఆపకుండానే. "నాకు మిగిలింది వీడొక్కడే."

ఆ మాట ఆవిడ ప్రతి సాయంత్రమూ అంటుంది. చెప్పేది బేథియాకి, తగలాల్సింది మూలన కూర్చున్న ఇష్బెల్‌కి. ఇష్బెల్ పెద్దకోడలు. దాని మొగుడు ఆర్చీ పోయిన శీతాకాలం తుఫానులో పడవతో సహా పోయాడు. ఒడ్డుకి వచ్చింది ఒక్క తెడ్డు. అదిప్పుడు తలుపు వెనక ఆనించి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు, ఎవరూ తీసెయ్యరు.

ఆ ఊళ్లో పడవలు లోతులేని నీళ్లలో ఆగుతాయి. వాటి దాకా మగవాళ్లని భార్యలు వీపు మీద మోసుకెళ్లి ఎక్కించాలి. రోజంతా చలిలో కూర్చునేవాడు పొడి కాళ్లతో బయల్దేరాలి కదా అని మొదలైన పని. తరవాత దానికో భయం వచ్చి చేరింది. బయల్దేరేటప్పుడే కాళ్లు తడిస్తే, సముద్రం మనిషి రుచి చూసినట్టేనట. రుచి మరిగాక వదలదట. ఆర్చీ పోయిన రోజు ఇష్బెల్ నీళ్లలో పడిపోవడం ఒడ్డునున్న వాళ్లు చూశారు. అది చాలింది. "మొగుణ్ణి నీళ్లలో జార్చిన మనిషి" అని ఊరంతా అంది. అత్త మాత్రం అంతకన్నా తక్కువ మాటల్లో అంటుంది. "నా కొడుకు బరువయ్యాడు దీనికి," అంటుంది.

అదే తుఫానులో నార్వే నుంచి కలప తెస్తున్న పెద్ద ఓడ ఒకటి రాళ్ల మీద పగిలింది. ఆ నావికుల శవాలు రోజుల తరబడి ఒడ్డుకి వచ్చాయి. ఊరి ఆడవాళ్లతో కలిసి బేథియా కూడా వాటిని కడిగింది. ఒక కుర్రాడి చెవికి వెండి పోగు ఉంది. వాళ్లెవరూ భార్యల వీపు మీద ఓడెక్కి ఉండరు. రేవులో చెక్క పలక మీద నడిచి, బూట్లకి చుక్క తడి తగలకుండా ఎక్కి ఉంటారు. మరి వాళ్ల రుచి సముద్రానికి ఎవరు చూపించారు? ఈ ప్రశ్న బేథియాకి శవాలు కడుగుతున్నప్పుడే వచ్చింది. ఒకసారి అత్తని అడిగింది కూడా. "పరాయి దేశం వాళ్ల సంగతి మనకెందుకు," అంది అత్త. బేథియా ఊరుకుంది. ఊరుకున్నంత మాత్రాన ప్రశ్న పోలేదు. పొద్దున్నే గిల్బర్ట్ బరువు భుజాల మీద పడగానే అది మళ్లీ లేస్తుంది. దానితోపాటే, కాలికింద నాచు పట్టిన రాయి ఉందేమోనన్న భయం లేస్తుంది. ఇప్పుడు ఇంకో భయం కూడా తోడైంది. అది ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఎర చాల్లేదు. కోడళ్లిద్దరూ గంప తీసుకుని, ఆలిచిప్పలు నిలవచేసే మడుగు దగ్గరికి వెళ్లారు. గాలి పెద్దగా లేదు, అయినా దూరంగా ఎక్కడో అల విరుగుతున్న చప్పుడు వస్తోంది.

"ఎన్నో నెల?" అంది ఇష్బెల్ వంగి చిప్పలు ఏరుతూనే.

బేథియా చేతులు ఆగిపోయాయి. "నీకెలా తెలుసు?"

"గంప ఎత్తేముందు ఊపిరి బిగబడుతున్నావు. పోయినసారీ అలాగే బిగబట్టావు. ఆ బిడ్డ నిలవలేదు."

ఆ బిడ్డ పోయింది కూడా నీళ్లలోంచి తిరిగొచ్చిన పూటే. "అందరికీ అవుతుంటాయి," అంది అప్పుడు అత్త. గిల్బర్ట్ మర్నాడు పక్కింటి ఆవిడ వీపెక్కి వెళ్లాడు, మూడోనాటికి మళ్లీ బేథియా వీపెక్కాడు.

"నాకు భయంగా ఉంది అక్కా," అంది బేథియా. "బిడ్డ జారిపోతుందేమోనని ఒక భయం. ఆయన జారిపోతే, ఆ పూట ఏదైనా అయితే, బతుకంతా..." ఆగిపోయింది.

"నాలాగా బతకాలని," అంది ఇష్బెల్. చిప్ప ఒకటి నీళ్లలో కడిగి గంపలో వేసింది. "నేను జార్చలేదే. పొడి కాళ్లతోనే ఎక్కించాను. వెనక్కి వస్తూ పడ్డాను, ఖాళీ వీపుతో."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను, వినలేదు. తరవాత చెప్పడం మానేశాను. అత్తకి సముద్రాన్ని తిట్టుకోవడం కుదరదు కదా, రేపు మళ్లీ దాని దగ్గరికే కొడుకుని పంపాలి. నన్నైతే తిట్టుకోవచ్చు."

ఆ మాట ఇష్బెల్ ఎంత మామూలుగా అందంటే, ఇంటికి తిరిగి వచ్చి ఎర గుచ్చుతున్నంతసేపూ బేథియాకి అదే వినిపించింది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఇంట్లో వాళ్లకి తిట్టుకునేందుకు తనని తాను ఇచ్చింది. నీళ్లు మోసినట్టు, చేపలు మోసినట్టు దాన్నీ మోస్తోంది. రేపు ఆ వంతు తనదైతే తనూ అలాగే మోస్తుందా? మోస్తుంది. అలవాటే కదా. ఆ జవాబే బేథియాని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

తెల్లారింది. ఆడవాళ్లు లంగాలు మోకాళ్ల పైకి ఎగ్గట్టి నీళ్ల అంచున నిలబడ్డారు. అల కొంచెం ఎత్తుగానే వస్తోంది. "మెల్లగా నడవ్వే, గుడ్ల బుట్టనుకో నన్ను," అన్నాడొకడు భార్య మెడ పట్టుకుని. "గుడ్లయితే అమ్ముకునేదాన్ని," అంది ఆవిడ. అందరూ నవ్వారు.

"వంగు," అన్నాడు గిల్బర్ట్.

బేథియా వంగలేదు. "నేను మొయ్యను."

"ఏంటే?"

"కడుపుతో ఉన్నాను. ఒకరిని మోస్తున్నాను, చాలు. నువ్వు నడువు."

నవ్వులు ఆగిపోయాయి. పడవలోంచి పడవ పెద్ద కోవీ అరిచాడు. "తడి కాళ్లతో ఎవడూ నా పడవెక్కడు. ఆర్చీ సంగతి మరిచిపోయారా?"

"ఇక్కడ పరువు తియ్యకు," అన్నాడు గిల్బర్ట్ గొంతు తగ్గించి. "పది అడుగులే కదే. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

వంగితే అయిపోతుంది. బేథియా వీపు దానంతటదే వంగేట్టు కూడా ఉంది. ఈలోగా మార్జరీ ముందుకొచ్చింది. జుట్టంతా నెరిసిన మనిషి, లంగా ఎగ్గట్టి, చలికి నీలం తిరిగిన పిక్కలతో నీళ్లలో నిలబడి కొడుకు ముందు వీపు వంచింది. "ఎక్కరా. దీనికి నువ్వు అక్కర్లేదు గాని, నాకు కావాలి."

గిల్బర్ట్ చెయ్యి తల్లి భుజం మీద పడింది. బేథియా ఆ చేతినే చూస్తోంది. అది భుజాన్ని పట్టుకుంది, ఇంకా బరువు మోపలేదు.

విధవలు పడవల దగ్గరికి రాకూడదు. అందుకని గులకరాళ్ల గట్టు మీదే నిలబడి ఉన్న ఇష్బెల్ అప్పుడు కిందికి దిగి వచ్చింది. ఎవరూ అడ్డు చెప్పేలోగా నీళ్ల దాకా వచ్చేసింది.

"అత్తా, లే. ఆర్చీ కాళ్లు తడవలేదు."

మార్జరీ వంగే ఉంది.

"పొడిగానే ఎక్కించాను. తిరిగి వస్తూ పడింది నేను. నేను లేచేసరికి తెడ్డు అందుకుని నన్ను చూసి నవ్వాడు. అదే ఆఖరు."

మార్జరీ, వంగిన మనిషి వంగినట్టే, "నవ్వాడా?" అంది.

"నవ్వాడు."

గిల్బర్ట్ తల్లి భుజం మీంచి చెయ్యి తీశాడు. ఎవరి వంకా చూడకుండా నీళ్లలోకి అడుగేశాడు. కోవీ మొహం తిప్పుకుని పక్కకి జరిగాడు. గిల్బర్ట్ నీళ్లు కారే బూట్లతో పడవెక్కాడు.

ఆ పగలు ఓ పట్టాన గడవలేదు. మధ్యాహ్నానికి గాలి ఉత్తరానికి తిరిగింది. పొడి కాళ్లతో పోయినా సముద్రం మింగుతుందని బేథియాకి ఇప్పుడు నిజంగా తెలుసు. తెలిసినా భయం పిసరంత తగ్గలేదు. ఇవాళ గిల్బర్ట్ రాకపోతే ఊరికి ఇక అనుమానమే ఉండదు. తలుపు వెనక ఇంకో తెడ్డు చేరుతుంది, మూలన ఇంకో మనిషి కూర్చుంటుంది. లేచి గట్టు దాకా వెళ్లొచ్చింది, మళ్లీ వెళ్లింది. ఇంట్లో ముగ్గురూ మర్నాటి గాలాలకి ఎర గుచ్చుతున్నారు. మార్జరీ చిప్పని చేతిలోనే పట్టుకుని, "ఎటు చూసి నవ్వాడు?" అంది.

"నా వైపే," అంది ఇష్బెల్.

"అంటే ఒడ్డు వైపే."

"ఒడ్డు వైపే అత్తా."

మార్జరీ తల ఊపింది. చిప్ప తెరవబోతే ఆవిడ కత్తి రెండుసార్లు జారింది.

పొద్దు వాలుతుండగా వచ్చాయి పడవలు. ఒకటి, తరవాత రెండు, ఆ తరవాత చాలాసేపటికి కోవీది. బేథియా నీళ్ల అంచుకి పరిగెత్తి ఆగింది. ఆమె మొహం తడిసిపోయింది, అది చినుకో కాదో చూసుకునే ఓపిక లేదు. మిగతా ఆడవాళ్లు నీళ్లలోకి దిగి వీపులు వంచారు. గిల్బర్ట్ పడవ అంచు మీద కాళ్లు వేలాడదీసి, అలవాటు కొద్దీ, కూర్చుని ఎదురు చూస్తున్నాడు. బేథియా కదల్లేదు. అతను ఆమె వంక చూశాడు, ఆమె వెనకున్న తల్లి వంక చూశాడు.

"దిగి రారా," అంది మార్జరీ. "నీళ్లు మోకాలి దాకే ఉన్నాయి."