మూత బిగించే అలవాటు

ఆ ఇంటికి ఇద్దరు కోడళ్ళు. ఇద్దరికీ ఒకే మందుల కంపెనీలో ఉద్యోగం. పెద్దకోడలు పరిశోధనశాలలో సీనియర్ కెమిస్టు, చిన్నకోడలు అదే అంతస్తులో రసాయనాల స్టోర్ కీపర్. పొద్దున్నే ఒకే వంటింట్లోంచి టిఫిన్ డబ్బాలు సర్దుకుని, ఒకే బస్సెక్కి, ఒకే గేటులోంచి లోపలికి వెళ్తారు. మాట మాత్రం లేదు. రెండేళ్ళుగా ఎడమొహం, పెడమొహం.

చెప్పాల్సిందేమైనా ఉంటే ఇంట్లో అత్తగారి ద్వారా, ఆఫీసులో అటెండర్ ద్వారా. "గీజర్ ఆపమని చెప్పండత్తయ్యా" అని ఒకరంటారు. ఆ ఆపాల్సిన మనిషి మూడడుగుల దూరంలోనే నిలబడి ఉంటుంది. అటు తిరిగి, ఇటు తిరిగి ఆ ముసలావిడకి మెడ పట్టేసింది. డాక్టరు దిండు మార్చమన్నాడు. మార్చాల్సింది దిండు కాదని ఆయనకెవరు చెప్తారు?

గొడవంతా ఒక తెల్ల చీటీ దగ్గర మొదలైంది. స్టోరులోంచి ఈథర్ సీసా ఏది బయటికెళ్ళినా, మూత తీసిన తేదీ రాసి దాని మీద తెల్ల చీటీ అంటించడం చిన్నకోడలి పద్ధతి. సరిగ్గా ఆరు నెలలకు ఆ సీసాను వెనక్కి పట్టుకుపోతుంది. ఒక్కరోజు అటూ ఇటూ కానివ్వదు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. ఈథర్‌కి గాలీ వెలుతురూ తగిలితే లోలోపల పెరాక్సైడ్ తయారవుతుంది. ఏళ్ళూ పూళ్ళూ అక్కర్లేదు, నెలలు చాలు. అది ఎండి మూత మరల్లో తెల్లటి పలుకులుగా పేరుకుంటుంది. ఆ పలుకులు పేలడానికి నిప్పు అవసరం లేదు, చిన్న కుదుపు చాలు, కాస్త రాపిడి చాలు. ఈ సంగతి పెద్దకోడలికి తెలియదనుకునేరు! కొత్తగా చేరినవాళ్ళకి ఏటా ఈ పాఠం చెప్పేది ఆవిడే.

రెండేళ్ళ క్రితం ఆవిడ ప్రయోగం సగంలో ఉండగా ఆరు నెలలు నిండాయి. ఆవిడ టీకి వెళ్ళి వచ్చేసరికి బల్ల మీద సీసా లేదు. మూడు వారాల పని నేలపాలైంది. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఆవిడ అంది: "సీసాలకి చీటీలు అంటించుకునేదానికి కెమిస్ట్రీ గురించి ఏం తెలుస్తుందిలే!"

చిన్నకోడలు ముద్ద దించకుండానే జవాబిచ్చింది: "ఆ చీటీలు అంటించుకునేదాని పుణ్యమా అనే మీ పది వేళ్ళూ మీ దగ్గరున్నాయక్కా."

అంతే, అదే ఆఖరి మాట. మర్నాటి నుంచి ఆఫీసులో 'అక్క' పోయి 'మేడం' వచ్చింది. అదీ అటెండర్‌తో చెప్పేటప్పుడే.

పెద్దకోడలు ఊరుకునే మనిషా! తర్వాత ఒకసారి తన అవసరానికి ఈథర్‌ని తనే శుద్ధి చేసుకుని అది వచ్చిన ముదురు గోధుమరంగు సీసాలోనే మళ్ళీ పోసుకుంది. సీసా అయిపోయిందని అటెండర్ ద్వారా స్టోరు లెక్కలో కొట్టేయించింది. దానికి అంటించిన చీటీని వేణ్ణీళ్ళతో నానబెట్టి, గోటితో గీకి, ఆనవాలు లేకుండా తీసేసింది. సీసాను తన బీరువా పై అరలో, మిగతా సీసాల వెనక్కి నెట్టేసింది. శుద్ధి చేసిన ఈథర్ మామూలు దానికంటే త్వరగా చెడుతుందని కూడా ఆవిడకి తెలుసు. సగం వాడింది, సగం మిగిలింది. ఆ తర్వాత మర్చిపోయిందంటే అబద్ధం. బాగానే గుర్తుంది. పారేయాలంటే స్టోరుకే ఇవ్వాలి, ఇస్తే చీటీ ఏదని అడుగుతుంది. ఆ అడిగే మొహం చూడలేక ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అంటూ పద్నాలుగు నెలలు గడిపేసింది. పంతం ముందు చదువు ఎంత చిన్నదైపోతుందో చూడండి.

ఇక ఆరోజు సంగతి. బీరువాలన్నీ ఖాళీ చేసి పాత సీసాలు ఏరేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పదకొండున్నరకి చిన్నకోడలు ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. వెనకాల అటెండర్ జాబితా పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"బీరువా తాళం తీయమని మేడంకి చెప్పు."

"తీసే ఉంది, కళ్ళుంటే చూసుకోమను" అంది మేడం. ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క స్టూలు. దాని మీద కాలు మీద కాలేసుకుని ఆవిడే కూర్చుంది.

చిన్నకోడలు పొట్టి మనిషి. పై అర ఆమె కళ్ళకంటే జానెడు ఎత్తున ఉంది. స్టూలు అడిగితే ఏం పోయేది? కానీ అడగదు. ఈవిడ ఇవ్వదు. మునివేళ్ళ మీద నిలబడి, అరలో చెయ్యి పెట్టి, తడుముతూ ఒక్కో సీసా దింపడం మొదలుపెట్టింది.

ఆమెకో అలవాటుంది. ఏ సీసానైనా ఎత్తే ముందు మూత మీద చెయ్యి వేసి, ఒక్కసారి గట్టిగా బిగిస్తుంది. ఒకప్పుడు వదులు మూత వల్ల యాసిడ్ ఒలికి, పాత అటెండర్ ముంజేయి కాలిందట. అప్పటినుంచి బిగించకుండా సీసా ఎత్తి ఎరగదు. బిగించడం, ఎత్తడం, ట్రాలీలో పెట్టడం. ఒకటి, రెండు, మూడు. పెద్దకోడలు గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

ముందు వరస ఖాళీ కాగానే ఆవిడ ఎందుకో తలెత్తింది. దూరంగా కూర్చుంది కాబట్టి, అర వెనక గోధుమరంగు సీసా కనిపించింది. దాని మెడ చుట్టూ, మూత అంచు కింద, ఎండిన ఉప్పులాగా తెల్లటి పెచ్చు కట్టి ఉంది.

అదేమిటో ఆవిడకి చూడగానే తెలిసింది. తల తిప్పి టైము చూసింది. గోడ గడియారంలో పదకొండు ముప్పై నాలుగు. ఇప్పుడు చెప్తే చీటీ సంగతి బయటపడుతుంది. అంతస్తంతా నవ్వుతుంది. అన్నిటికీ మించి, రెండేళ్ళ తర్వాత ముందు మాట తనదవుతుంది. తనెందుకు చెప్పాలి? అంత తెలివైనదానికి ఆ మాత్రం కనిపించదా? కనిపించదని ఆవిడకి తెలుసు. అర ఎత్తు తెలుసు, ఆ మనిషి ఎత్తూ తెలుసు. స్టూలు ఎవరి కింద ఉందో కూడా తెలుసు.

ఇంకా నాలుగు సీసాలున్నాయి. బిగించింది, ఎత్తింది, పెట్టింది. ఇంకా మూడు. అటెండర్ ఆవులించి జాబితాలో టిక్కు పెట్టాడు. రెండు. ఒకటి. చిన్నకోడలి చెయ్యి లోపలికంటా పోయి, గోధుమరంగు మూత మీద వాలింది. వేళ్ళు పట్టు దొరకబుచ్చుకున్నాయి.

"ఆగు!"

చిన్నకోడలు వెనక్కి తిరగలేదు. "మేడంగారికి నోరొచ్చింది. ఏం కావాలో అడుగు" అంది అటెండర్‌తో.

"తిప్పకు! తిప్పితే చస్తావ్. మూత చుట్టూ పెరాక్సైడ్ కట్టింది. పద్నాలుగు నెలల సీసా అది."

"నా లెక్కలో పద్నాలుగు నెలల సీసా ఏదీ లేదు."

"చీటీ నేనే పీకేశాను."

  ఈసారి చిన్నకోడలి నోట్లోంచి వచ్చిన మాట ఆమెకే తెలియకుండా వచ్చింది: "అక్కా... వేళ్ళు మూత మీదే ఉన్నాయి."

"చూస్తున్నాను. ఎత్తకు. లాగకు. పట్టు మాత్రం వదులు. ఒక్కో వేలూ మెల్లగా తియ్యి."

"మిమ్మల్ని నమ్మమంటారా?"

"నన్ను నమ్మక్కర్లేదు. చెయ్యి తియ్యి, చాలు."

చిటికెనవేలు వచ్చింది. తర్వాత ఉంగరం వేలు. చివరికి బొటనవేలు. సీసాకి తగలకుండా చెయ్యి మొత్తం బయటికి తీసుకుంది. సీసా ఉన్నచోటే ఉంది. ముగ్గురూ అడుగులో అడుగేసుకుంటూ బయటికొచ్చారు. అటెండర్ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు. ఆ తర్వాత అంతస్తు మొత్తం ఖాళీ చేయించారు.

మధ్యాహ్నం మందపాటి సూట్లు వేసుకున్న నిపుణులు వచ్చి, సీసాను పెట్టెలో పెట్టి, వెనక ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళి దూరం నుంచే పేల్చారు. సగం సీసా ఈథరే! అయినా భవనం కిటికీలు గజగజలాడాయి. చిన్నకోడలు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. పెద్దకోడలు ఆ చేతిని చూడలేకపోయింది.

ప్రమాద నివేదిక రాయాల్సింది స్టోర్ కీపరే. సాయంత్రం ఆమె ఫారం నింపి, రెండు గడులు మాత్రం ఖాళీగా వదిలి, పెద్దకోడలి ముందు పెట్టింది. ప్రమాదాన్ని గమనించిన సమయం ఒకటి, హెచ్చరించిన సమయం ఇంకొకటి. రెండింట్లోనూ ఒకే అంకె వేస్తే అడిగే దిక్కు లేదు. ఆ గదిలో గడియారం చూసిన మనిషి ఒక్కతే.

పెద్దకోడలు చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది.  చివరికి రాసింది. మొదటి గడిలో పదకొండు ముప్పై నాలుగు. రెండో గడిలో పదకొండు ముప్పై ఆరు.

చిన్నకోడలు చదివింది. మళ్ళీ చదివింది.

"ఈ రెండు నిమిషాలూ ఏం చేస్తున్నారు, మేడం?"

"ముందు నేను మాట్లాడాలా అని ఆలోచిస్తున్నాను."

 చిన్నకోడలు కింద సంతకం చేయించుకుని, ఫారం మడిచి ఫైల్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. బస్సులో ఆడవాళ్ళ సీట్లు ఖాళీగా ఉన్నా ఇంటిదాకా నిలబడే ప్రయాణం చేసింది.

భోజనాల దగ్గర అత్తగారు అలవాటు కొద్దీ మెడ సవరించుకుని ఇద్దరి మధ్యా కూర్చుంది. పెద్దకోడలు ఆవిడ వైపు చూడలేదు. రెండేళ్ళలో మొదటిసారి ఆ బల్ల దగ్గర తిన్నగా తోడికోడలి మొహంలోకి చూస్తూ, "నీళ్ళ జగ్గు ఇలా ఇస్తావా?" అని అడిగింది. 

జగ్గు చిన్నకోడలి చేతి పక్కనే ఉంది. ఆమె దాని మూతను గట్టిగా ఒక్కసారి బిగించింది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది.

"రెండు నిమిషాలు ఆగమని చెప్పండత్తయ్యా."

పెద్దకోడలు ఆగింది.