పెర్సీకి పని

డోరా ఆంటీ పోతూ పోతూ నాకు రెండు అప్పగించారు. ఒకటి పెర్సీ అనే చిలుక. రెండోది, దాన్ని ఎవరికీ ఇవ్వనని నాచేత వేయించుకున్న ఒట్టు. ఆవిడ రైల్వే స్కూల్లో టీచరుగా రిటైరయ్యారు. మెట్టుగూడలో ఆవిడ ఇంటి మేడమీద గదిలో నేను అద్దెకుండేదాన్ని. విజయనగరం నుంచి వచ్చి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసుకుంటున్న ఒంటరి పిల్లనని నామీద జాలి. ప్రతి ఆదివారం భోజనానికి పిలిచేవారు. మూడేళ్ళు ఆ చేతి అన్నం తిన్నదాన్ని, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఒట్టు వేయనని ఎలా అంటాను?

పెర్సీ ఆఫ్రికన్ గ్రే. బూడిదరంగు ఒళ్ళు, ఎర్ర తోక, మనిషిని తూకం వేసినట్టు చూసే చూపు. ఆంటీ ఉన్నప్పుడు పొద్దస్తమానం ఆవిడ వెనకే తిరిగేది. బఠాణీలు ఒలుస్తుంటే గింజలు ఎత్తుకుపోయేది, స్వెట్టర్ అల్లుతుంటే ఊలు లాగేది, తిట్లు తినేది. నా గదికి వచ్చాక దానికి దొరికినవి శుభ్రమైన పంజరం, గిన్నె నిండా గింజలు, రోజుకి పన్నెండు గంటల నిశ్శబ్దం. అది రెండువేల ఆరు. ఆఫీసులో నెలకొకడు ఉద్యోగం మారేవాడు. పోయినవాడి పని ఉన్నవాళ్ళ నెత్తినపడేది. పొద్దున్న ఎనిమిదింటికి క్యాబ్ ఎక్కితే మళ్ళీ ఎనిమిదింటికే దిగేదాన్ని.

రెండో నెలలో పంజరం అడుగున ఈకలు కనిపించాయి. రాలుతున్నాయేమో అనుకున్నాను. రాలడం కాదు, తనే పీక్కుంటోంది. వారం తిరిగేసరికి రొమ్ముమీద చర్మం కోడిపిల్ల చర్మంలా ఎర్రగా బయటపడింది.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, రోగమేమీ లేదు, బోర్ కొడుతోంది," అన్నాడు. "అడవిలో రోజంతా తిండి వెతుక్కునే పక్షి ఇది. మీరు గిన్నెలో పోసి వెళ్ళిపోతారు. పది నిమిషాల్లో తినేస్తుంది. ఆ తర్వాత ఏం చేయాలి చెప్పండి? ఇలాగే వదిలేస్తే మాంసం దాకా కొరుక్కుంటుంది. అప్పుడు నేనూ ఏం చేయలేను. తిండి దాచిపెట్టండి. కష్టపడి తీసుకు తిననివ్వండి."

ఇంటర్నెట్‌లో చూస్తే విదేశాల్లో చిలుకలకి నాకంటే మంచి ఆటవస్తువులున్నాయి. నేను న్యూస్‌పేపర్‌లో గింజలు మూటకట్టి, అట్టపెట్టెల్లో కుక్కి, పంజరానికి వేలాడదీశాను. నేను అరగంట కూర్చుని కట్టినదాన్ని అది పది నిమిషాల్లో విప్పేసి, మళ్ళీ రొమ్ము మీద పడేది. కాగితంతో లాభం లేదని బన్సీలాల్‌పేట్‌లో ఉన్న వడ్రంగి జంగయ్య దగ్గరికి వెళ్ళాను. ఆంటీ ఇంటి తలుపులన్నీ ఆయన చేసినవే. రెడీమేడ్ ఫర్నిచర్ షాపులు వచ్చాక ఆయనకి పని తగ్గింది గానీ పొగరు తగ్గలేదు.

"చిలక కొరికి, పుల్లలు లాగి, తెరుచుకుని తినేలా ఒక పెట్టె కావాలండీ," అన్నాను.

"అంటే, ఇరగ్గొట్టనీకె చెయ్యాల్నా?"

"అవునండీ."

"నలభై ఏండ్ల సంది చేస్తున్న మేడం. ఇరిగే సామాను నా చేతులకెల్లి పోలే. గిదేం లొల్లి!" అని విసుక్కున్నాడు. అయినా నాలుగు రోజుల్లో చేసిచ్చాడు. టేకు పెట్టె. ఒక్క మేకు లేదు. మూత గాడిలో జరిగి కూర్చుంటుంది, దానికో సన్నటి చెక్క చీల. "సూడుండ్రి, నీళ్ళు పోస్తె సుత చుక్క కారది," అన్నాడు. ఎవరో చేసినదాన్ని నమ్మకుండా పరీక్షించడమే నా ఉద్యోగం. ఆ పెట్టె అందం చూసి మురిసిపోయి ఆ ఒక్కపని మాత్రం చేయలేదు.

మర్నాడు బాదంపప్పులు, గింజలు అన్నీ అందులోనే పెట్టి, గిన్నె ఖాళీ చేసి ఆఫీసుకు వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి పెట్టె మీద నాలుగు గీతలున్నాయి, అంతే. మూత కదల్లేదు. పెర్సీ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. రొమ్ముమీద రెండు చోట్ల రక్తం గడ్డకట్టి ఉంది. చేతిలో గింజలు పెట్టుకుని నిలబడితే తిని, నా వేలు కొరికింది. కొరకనిచ్చాను.

తెల్లారగానే పెట్టె పట్టుకుని జంగయ్య మీద పడ్డాను.

"ఊడలేదంటె మంచిగ చేసినట్టే గద!" అన్నాడాయన.

"మంచిగా చేశారు, అది చచ్చిపోతోంది!" అని అరిచాను. వీధిలో వాళ్ళు ఆగి చూశారు. నాకు సిగ్గూ వేయలేదు, కళ్ళనీళ్ళూ ఆగలేదు.

జంగయ్య పెట్టెని చేతుల్లో తిప్పి, ముక్కు గీతల మీద వేలితో తడిమాడు. "తలుపు చెయ్యాలంటె పొయ్యి దర్వాజ కొలుస్త. దీనికి కొలత తియ్యకుంటనే చేసిన. నాదే తప్పు. దాన్నొకపారి పట్కరా బిడ్డా," అన్నాడు.

శనివారం ఆటోలో పంజరం తీసుకెళ్ళాను. పాలిష్ వాసన పక్షులకి పడదని చెప్తే డబ్బాలన్నీ బయట పెట్టించాడు. పెర్సీ రొమ్ము చూశాక ఆయన మొహంలో వెటకారం పోయింది. "అయ్యో, గింత పాడు చేస్కున్నవేందిరా," అని, పండ్ల పెట్టె నుంచి మెత్తటి చెక్క ఊడదీసి పని మొదలుపెట్టాడు. వదులుగా చేయడం ఆయనకి రాలేదు. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ బిగుసుకుపోయింది. "చెయ్యి ఒప్పుతలేదు," అని తనను తనే తిట్టుకున్నాడు.

పెర్సీ ఆ చేతుల్నే చూస్తోంది. చెక్కని నున్నగా గీసే రంద కింద నుంచి చెక్క చుట్టలు చుట్టుకుని వస్తుంటే తల అటు వంచి, ఇటు వంచి చూసింది. ఉలి దెబ్బ పడినప్పుడల్లా ఒక అడుగు ముందుకు జరిగింది. రెండు గంటలపాటు ఒక్కసారి కూడా రొమ్ము దగ్గరికి ముక్కు పోనివ్వలేదు. నాలుగోది కుదిరింది. పల్లీ పెట్టి ఇస్తే పెర్సీ చీల లాగి, పలక ఊడదీసి, పల్లీ తిని, ముక్కలు కింద పారేసి, తర్వాతిది ఏదన్నట్టు ఆయన వైపు చూసింది.

జంగయ్య పడీపడీ నవ్వాడు. "జాయింట్ లోపట ఎట్లుంటదో ఇప్పి సూసినోడు ఇన్నేండ్లల్ల ఒక్కడు లేడు. గిదే సూశింది!"

ఆ రోజు నుంచి పొద్దున్నే పెర్సీని షాపులో దింపి అక్కడి నుంచే ఆఫీసుకు వెళ్ళేదాన్ని, రాత్రి తెచ్చుకునేదాన్ని. పనిలేని పూట కూడా జంగయ్య దానికోసం ఏదో ఒకటి చెక్కుతూ ఉండేవాడు. అది విప్పేకొద్దీ ఈయన చిక్కుముడి పెంచేవాడు. నెల తిరక్కుండానే రొమ్ము మీద తెల్లటి నూగు వచ్చింది. చూపించడానికి తీసుకెళ్ళి డాక్టరు చేతిని పట్టుకుని ఊపేశాను.

ఆదివారాలు మాత్రం పెర్సీ నాతోనే. ఒక ఆదివారం సెలవు పూర్తిగా దానికే ఇచ్చాను. జంగయ్య చేసిన బొమ్మలన్నీ పంజరంలో పెట్టాను, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పాను. అన్నీ ఒకసారి విప్పేసింది. తర్వాత గది తలుపు వైపు తిరిగి కూర్చుంది. మధ్యాహ్నం నేను చూస్తుండగానే, నా కళ్ళలోకి చూస్తూనే, కొత్తగా వచ్చిన ఈక ఒకటి పీకి కింద పడేసింది. ఇంకోటి పీకబోతుంటే పంజరం ఎత్తుకుని ఆటో కోసం పరిగెత్తాను.

షాపు వెనకే జంగయ్య ఇల్లు. "మీరే ఉంచేసుకోండి," అన్నాను.

"అమ్మగారికి ఒట్టేసిన అంటివి గదా బిడ్డా?"

"ఆవిడ అడిగితే నేను చెప్పుకుంటాను."

ఆయన సగం షటర్ ఎత్తి, పంజరం తలుపు తీసి పెర్సీని బల్ల మీదికి దించాడు. ఎవరిదో విరిగిన కుర్చీ కాలు బాగుకి వచ్చి ఉంది, దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పెర్సీ నడుచుకుంటూ వెళ్ళి ఆయన మోచేతి దగ్గర నిలబడింది.

"వెళ్తున్నా పెర్సీ," అన్నాను. తలెత్తలేదు. మళ్ళీ అన్నాను. అది ఉలి వైపే చూస్తోంది. నేను లేనన్న సంగతి దానికి గుర్తుకు రాకూడదనే కదా ఇన్నాళ్ళూ ఇన్ని పాట్లు పడ్డాను. అయినా గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను, ఒక్కసారి ఇటు చూస్తుందేమోనని.