నీలం గీత లోపల

అరచేతి కింద వేడి.

పొట్ట దిగువన, కట్టు అంచున — ఎర్రగా, బిగువుగా, వెచ్చగా.

మేస్త్రీ చేయి తీశాడు. మళ్లీ పెట్టాడు.

సిమెంటు బస్తాలు మోసి మోసి పేగు జారింది. హెర్నియా అన్నారు. కోసి, సర్ది, కుట్టారు. ఇది మూడో రోజు. నిన్న సాయంత్రం నర్సు ఆ ఎరుపు చుట్టూ నీలం పెన్నుతో గీత గీసింది. "ఇది దాటితే వెంటనే చెప్పాలి" అంది.

దాటితే... మళ్లీ కోస్తారు. మళ్లీ కోస్తే, పరంజా ఎక్కే రోజులు అయిపోయినట్టే.

పొద్దున చొక్కా ఎత్తి చూశాడు.

ఎరుపు గీతను తాకింది.

భార్య ఫ్లాస్కు కడగడానికి వెళ్లింది. బల్ల మీద నర్సు మరిచిపోయిన నీలం పెన్ను ఉంది. గీత తుడిచేసి, వేలెడు అవతల ఇంకోటి గీస్తే... ఎవరికి తెలుస్తుంది?

వేలు తడి చేసుకున్నాడు.

ముప్ఫై ఏళ్లు గోడలు కట్టాడు. గోడ వంకర పోతే గోడే విప్పాడు. వరుస తిన్నగా రావడానికి కట్టిన దారం జరపలేదు. ఏనాడూ జరపలేదు.

వేలు దుప్పటికి తుడుచుకున్నాడు.

భార్య రాగానే అన్నాడు — "నర్సమ్మను పిలువు."

నర్సు వచ్చింది. నొక్కింది. జ్వరం చూసింది.

"తాకింది, దాటలేదు. చీము లేదు, జ్వరం లేదు. కోత పడింది కదా మేస్త్రీగారూ, ఒళ్లు తన మనుషుల్ని దింపింది. ముందు చెత్త ఎత్తేవాళ్లు, తర్వాత కట్టేవాళ్లు. పని జరిగేచోట వేడి ఉండదా? మీరు ఇలా హడలిపోతుంటే వాళ్ల పనీ కుంటుపడుతుంది. తినండి, పడుకోండి. సాయంత్రం మళ్లీ చూద్దాం."

"స్లాబ్ పోస్తే ఇల్లుగలవాళ్లనైనా కాలు పెట్టనివ్వరమ్మా ఈయన" అంది భార్య. "తన పొట్టకి మాత్రం మూడో రోజే సెంట్రింగ్ చెక్కలు ఊడదీయాలి!"

నవ్వాడు. కుట్లు లాగాయి. అయినా నవ్వు ఆగలేదు.

కొత్త స్లాబ్... పోసిన మర్నాడు, ఎండ రాకముందే, దాని మీద అరచేయి పెట్టేవాడు. లోపల్నించి వెచ్చగా తగిలేది. గట్టిపడుతోంది అనుకుని, నీళ్లు కట్టి దిగిపోయేవాడు.

ఆ వేడికి ఏనాడూ భయపడలేదు.

కళ్లు మూసుకున్నాడు. లోపల ఎవరో కూలీలు. ముఖాలు తెలియవు. మేస్త్రీ పడుకున్నా — పని ఆగలేదు.

ఎరుపు గీత దాటుతుందో, వెనక్కి తగ్గుతుందో... సాయంత్రం ఇంకా దూరం.

అరచేతి కింద వేడి.

ఈసారి చేయి తీయలేదు.