డాక్టరు తుంటిలో తూటా

ఉదయం ఆరున్నరకల్లా పుమ్లాని కారు అద్దాల మీది తేమ తుడిచి, డాక్టరు బిసిమ్వా గుమ్మం ముందు ఆపేవాడు. డాక్టరు ఒక చేత్తో కాఫీ కప్పు పట్టుకుని, కుంటుకుంటూ వచ్చి ముందు సీట్లోనే కూర్చునేవాడు. వెనక సీట్లో దొరలా కూర్చోవడం ఆయనకి చేతకాదు. ఇదే ఊళ్ళో, కేప్ టౌన్‌లో, పసుపు చొక్కా తొడుక్కుని అంగళ్ళ ముందు కార్లకి కాపలా కాసిన మనిషి మరి. కూర్చోగానే ఎడమ తుంటి మీద అరచెయ్యి ఆనించుకుని "పద" అనేవాడు. పన్నెండేళ్ళుగా రోజూ ఇదే తంతు. ఆ అరచెయ్యి తుంటి మీదికి వెళ్ళినప్పుడల్లా పుమ్లాని చూపు రోడ్డు మీదికి తిప్పేసుకునేవాడు.

ఎందుకంటే ఆ తుంటిలో తూటా ఉంది. దాన్ని పేల్చింది పుమ్లానియే.

రేకుల ఇళ్ళ బస్తీల్లో ఎవర్నడిగినా చెప్తారు. ఒంట్లో మిగిలిపోయిన తూటా తనని పేల్చినవాడు దగ్గరికొస్తే వెచ్చబడుతుంది. వాడు చచ్చిన రోజున ఐసుముక్క అయిపోతుంది. దీనికి అక్కడెవరూ ముక్కున వేలేసుకోరు. కిక్కిరిసిన టాక్సీ వ్యాన్లో ఎవరో ఆడమనిషి "నా భుజం కాలుతోంది నాయనా, తర్వాతి బండికొస్తాలే" అంటే డ్రైవరు మారు మాట్లాడకుండా ఆపి, చిల్లర తిరిగిచ్చేస్తాడు. మిగిలిన వాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తారు. పుమ్లాని పక్కింటి నోసిపో మోకాట్లో ఒకటుండేది. ఓ ఆదివారం ప్రార్థన మధ్యలో అది చల్లబడింది. ఆవిడ కోడిని కోసి వీధంతటికీ పెట్టింది. అందరూ తిన్నాక ఎంగిలి చేతుల్తోనే కూలబడి ఏడ్చింది. పేల్చినవాడు సొంత చెల్లెలి కొడుకు.

అయితే ఇంకో మాట కూడా ఉంది. ఎముకలో దిగిన తూటాకి చెవుడట. అది ఎవర్నీ గుర్తుపట్టదట. పుమ్లాని బతుకంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది.

రెండువేల ఎనిమిది మే నెలలో ఊరు ఊరంతా పరాయి దేశాల వాళ్ళ మీద పడింది. మా ఉద్యోగాలు తింటున్నారన్నారు, మా ఆడపిల్లల్ని తీసుకుపోతున్నారన్నారు. అన్నవాళ్ళకి అంతకుముందు ఉద్యోగాలేమీ లేవు, అది వేరే సంగతి. పట్టపగలు, పుమ్లాని వాళ్ళ సందులోనే, ఒక సోమాలీ కొట్టు తలుపు గొడ్డళ్ళతో పగలగొట్టారు. పంచదార బస్తాలు చించారు. కొట్టు ముసలాయన్ని పార కామతో దవడ వేలాడేదాకా కొట్టారు. ఆయన కొడుకు చెయ్యి మోచేతి దగ్గర సగం తెగి వేలాడింది. పంచదార మీద నెత్తురు పడి జిగటగా కాళ్ళకి అంటుకుంటుంటే జనం అందులోనే గెంతారు.

ఆ గోలలో ఒక మనిషి పారిపోకుండా మోకాళ్ళ మీద కూర్చుని, తన నడుం బెల్టు ఊడదీసి, ఆ తెగిన చేతికి బిగిస్తున్నాడు. కాంగో వాడు. బుకావు అనే ఊళ్ళో యుద్ధం మధ్యలో వందల కడుపులు కోసి కుట్టిన సర్జను. ఇక్కడి ఆఫీసులో అతని డిగ్రీ కాగితాలు చెల్లలేదు గనక కార్లు కాస్తున్నాడు.

"వీడూ క్వెరెక్వెరెగాడే, వదలద్దు" అని ఎవరో అరిచారు. పరాయివాణ్ణి తిట్టే తిట్టు అది. పుమ్లానికి పదిహేడేళ్ళు. చేతిలో పెదనాన్న కొడుకు రివాల్వరు. వెనకనుంచి కాల్చాడు. ఆ మనిషి బోర్లా పడ్డాడు. పడి కూడా బెల్టు వదల్లేదు, పళ్ళతో పట్టుకుని లాగాడు.

అదే, ఆ పళ్ళతో లాగడమే పుమ్లాని కళ్ళలోంచి పోలేదు.

ఎవరూ పట్టుకోలేదు. కేసూ లేదు, గీసూ లేదు. పుమ్లాని చదువు మానేసి, హౌట్ బే రేవులో చేపల షెడ్డులో పనికి కుదిరాడు. పెద్దరొయ్యల తోకలు విరిచి మాంసం ఒకవైపు, పెంకులు ఒకవైపు వెయ్యడం. నాలుగేళ్ళు గడిచాక ఓ పొద్దున ఆ షెడ్డుకి ఒక డాక్టరొచ్చి, పెంకులు కావాలన్నాడు.

"మాంసం కొనడానికి డబ్బుల్లేవేమో, తొక్కల పులుసు పెట్టుకుంటాడు" అని షెడ్డంతా నవ్వింది.

పుమ్లాని సంచి ఎత్తుకుని వెనకాలే నడిచాడు. ముందు ఆ కుంటి నడక చూశాడు. తర్వాత మొహం చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. డాక్టరు ఠక్కున ఆగి, తుంటి మీద చెయ్యి వేసుకుని, వాణ్ణి ఎగాదిగా చాలాసేపు చూశాడు.

"పేరేంటి?"

"పుమ్లాని."

"బండి నడపడం వచ్చా?"

"వచ్చు."

"రేపట్నించి రా."

రాకుండా ఉండాల్సింది. కానీ కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి. మొదటి వారంలోనే కార్లో డాక్టరు, అడక్కుండానే, "నా తుంటిలో ఒకటుందిలే. ఎముకలో దిగింది. చెవిటిది" అన్నాడు. పుమ్లాని ఏళ్ళ తరబడి బిగబట్టిన ఊపిరి ఆ రోజు వదిలాడు. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

అప్పటికి డాక్టరు కాగితాలు చెల్లి, సర్కారు ఆసుపత్రిలో క్షతగాత్రుల వార్డులో పనిచేస్తున్నాడు. జీతాలొచ్చిన శనివారం ఆ వార్డు చూడాలి. స్క్రూడ్రైవర్ దిగిన వాళ్ళు, సీసా పెంకులు దిగిన వాళ్ళు, నెత్తిన దిగిన గొడ్డలితోనే నడిచొచ్చిన వాళ్ళు. నేల మీద రంపప్పొట్టు చల్లి పనిచేసేవారు. "నేను సూదిలో దారం ఎక్కించేలోపు పోతున్నార్రా. కుట్టడం తర్వాత, ముందు నెత్తురు ఆపాలి" అనేవాడు డాక్టరు. పెంకుల్ని ఆసిడ్‌లో నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి తెల్లటి పొడి చేశాడు. ఇల్లంతా కుళ్ళిన సముద్రం కంపు. భార్య ఒక నెల పుట్టింటి వాళ్ళ దగ్గరికి పోయింది.

మొదట వాడింది ఒక మాంసం కొట్టువాడి మీద. సొంత కత్తే గజ్జల్లో దిగింది. నెత్తురు చిమ్మి పైన దీపానికి తగిలింది. డాక్టరు గుప్పెడు పొడి గాయంలో కుక్కి, పిడికిలితో అదిమి, గడియారం చూశాడు. మూడో నిమిషంలో ఆగింది. వాడు కళ్ళు తెరిచి ముందుగా అడిగింది, నా కత్తేదీ అని.

అక్కణ్ణించి కథ పరిగెత్తింది. ఫిలిప్పీ రోడ్డులో ఫ్యాక్టరీ లేచింది. నలభై దేశాల అంబులెన్సుల్లోకి ఆ పొడి ఎక్కింది. విదేశీ కంపెనీ ఒకటి వచ్చి సగం వాటా కొనుక్కుంది. డాక్టరు కత్తి పక్కనబెట్టి, ఇతరుల ఆలోచనల మీద తన డబ్బు పెట్టే పెద్దమనిషి అయ్యాడు. సూట్లేసుకున్న కుర్రకారు కంప్యూటర్లో బొమ్మలు చూపించి డబ్బడిగితే ఆయన అడిగేది ఒకటే. "మనిషి నాలుగు నిమిషాల్లో పోతాడు. నీ వస్తువు ఎన్నో నిమిషంలో వస్తుంది?" తడుముకున్నవాడికి టీ ఇచ్చి పంపేసేవాడు. పుమ్లాని డ్రైవరు నుంచి గోడౌనుకి, గోడౌను నుంచి మొత్తం ఫ్యాక్టరీ పెత్తనానికి ఎదిగాడు. అయినా పొద్దున కారు మాత్రం తనే నడిపేవాడు.

అలా పన్నెండేళ్ళు గడిచాక ఓ శుక్రవారం, ఫ్యాక్టరీలో డాక్టరు సొంత వాటాలో సగం పుమ్లాని పేర రాసే కాగితాల మీద సంతకాలు.

ముందురోజు, గురువారం సాయంత్రం, పుమ్లాని వాళ్ళమ్మ రోడ్డు పక్కన గొర్రె తలలు కాలుస్తూ, వెంట్రుకలు గీకుతూ, తలెత్తకుండానే అంది. "సంతకం అయ్యాక చెబితే అది దొంగతనం అవుద్ది. ముందే చెప్పు."

"చెబితే అన్నీ పోతాయమ్మా."

"పోనీ. అంతకుముందు ఏమున్నాయని?"

"ఆయన నా మొహం చూడడమ్మా ఇంక."

ఆవిడ కత్తి ఆపింది. వాటా గురించి కాదు వీడి భయం అని అప్పుడు అర్థమైంది ఆవిడకి. మళ్ళీ గీకడం మొదలెట్టింది.

ఇదిలా ఉంటే ఆ రోడ్డులో ఇంకో పీడ ఉంది. రెండు వారాల కిందట ముగ్గురు మనుషులు ఫ్యాక్టరీకొచ్చి, నెలనెలా కాపలా సొమ్ము కట్టమన్నారు. కట్టని బేకరీ యజమానిని అంతకుముందే పిండి బల్ల మీద కాల్చి పడేశారు. డాక్టరు వాళ్ళకి కుర్చీలు వేయించి, "నేనూ కాపలా కాసినవాణ్ణే. నా కాపలాలో ఒక్క కారు పోలేదు. మీ సంగతేంటి?" అనడిగాడు. వాళ్ళు నవ్వలేదు. కుర్చీలు తన్నేసి పోయారు.

శుక్రవారం పొద్దున కార్లో పుమ్లాని రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. ఫ్యాక్టరీ గేటు కనబడ్డాక, ఇంక ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ కాదనుకున్నాడు.

"డాక్టరుగారూ, ఒక మాట చెప్పాలి."

"గేటు తియ్యి. లోపల చెబుదువుగాని."

గేటు దగ్గర ఉండాల్సిన వాచ్‌మన్ లేడు. ఆ సంగతి తోచేలోపే పుమ్లాని కారు దిగి గొలుసు మీద చెయ్యి వేశాడు. తెల్ల కారొకటి నెమ్మదిగా వచ్చింది. కిటికీ దిగింది. చప్పుడు వినబడక ముందే కాలు కింద లేకుండా పోయింది. రెండోది కడుపులో. గొలుసు పట్టుకునే జారాడు. తొడ మొదట్లోంచి నెత్తురు జానెడెత్తున ఎగిరి గేటు మీద పడుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఎగురుతోంది. కారు అద్దాలు పగిలాయి. తెల్ల కారు ఎంత నెమ్మదిగా వచ్చిందో అంత నెమ్మదిగానే పోయింది.

డాక్టరు కుంటుకుంటూ కాదు, పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాణ్ణి చంకల కింద పట్టి కంకర మీదుగా ఈడ్చాడు. లోపల్నుంచి వచ్చిన ఇద్దరు కాళ్ళు పట్టారు. ప్యాకింగు బల్ల మీది డబ్బాలు తోసేసి, వాణ్ణి దాని మీద పడేశారు. ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయన పక్కన నిలబడిన నర్సు, ఇప్పుడు సరుకు తనిఖీ చేసే సిస్టర్ అడోనిస్, పరీక్షల కోసం ఉంచిన సెలైన్ సీసా పట్టుకొచ్చి సూది గుచ్చింది.

డాక్టరు బల్లెక్కి, మోకాలితో వాడి బొడ్డు మీద అదిమాడు. డబ్బాలు కోసే బ్లేడు తీసుకుని గాయాన్ని ఇంకా పెద్దది చేశాడు. కండ విడిపోతుంటే పుమ్లాని అరిచిన అరుపుకి ఎండబెట్టే గదిలో వాళ్ళు కూడా వచ్చేశారు. డాక్టరు మణికట్టు దాకా చెయ్యి దూర్చి, లోపల జారిపోతున్న నాళాన్ని వెతికి, వేళ్ళతో నొక్కాడు. పొడి ప్యాకెట్లు పళ్ళతో చింపాడు. ఆ పళ్ళు చూసి పుమ్లాని ఏదో చెప్పబోయాడు. నోరు పెగల్లేదు.

"అంబులెన్సు?" అన్నాడు డాక్టరు.

"పోలీసు బండి తోడు లేనిదే ఈ రోడ్డెక్కరంట. పదకొండు నిమిషాలు."

ఒక ప్యాకెట్టు, ఇంకోటి, ఇంకోటి. పుమ్లానికి నొప్పి పోయింది. బల్ల పోయింది. మాటలు మాత్రం ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు వినబడుతున్నాయి.

సిస్టర్ మెడ మీద వేళ్ళు పెట్టింది. అటువైపు పెట్టింది. గుండె మీద చెవి పెట్టింది. అరచేతులతో గుండె మీద అదిమి అదిమి, ఆయాసపడి, మళ్ళీ మెడ చూసింది.

"లేదు డాక్టర్. పోయాడు."

"అదుము."

"డాక్టర్, నాడి లేదు. మీకు తెలీదా? వదిలెయ్యండి."

"పోలేదంటున్నాను. నాది ఇంకా వెచ్చగానే ఉంది."

సిస్టర్ చేతులు గాల్లో ఆగిపోయాయి. డాక్టరు తుంటి వైపు చూసింది, బల్ల మీది మొహం వైపు చూసింది. పదహారేళ్ళ నాటి లెక్క ఆవిడకి ఒక్క ఊపిరిలో తెలిసిపోయింది. పళ్ళు బిగించి, మళ్ళీ గుండె మీద అదమడం మొదలెట్టింది.

"చల్లబడుతుంటే నేనే చెబుతా," అన్నాడు డాక్టరు. చెంపల మీద ఏం కారుతోందో, చెమటో మరోటో, తుడుచుకోవడానికి ఆయనకి చెయ్యి ఖాళీ లేదు. "అప్పటిదాకా ఎవరూ ఆపొద్దు."

ఎవరూ ఆపలేదు. ఆరో నిమిషంలో, ఏడో నిమిషంలో, మెడ మీద సన్నగా ఏదో కొట్టుకుంది.

పుమ్లాని ఆసుపత్రిలో పదో రోజున మాట్లాడాడు. మంచం పక్కన డాక్టరు బత్తాయి ఒలుస్తున్నాడు. వాళ్ళమ్మ తెచ్చిన గొర్రె తల పులుసు కిటికీలో చల్లారుతోంది. ఆవిడ బయట వరండాలో కూర్చునుంది, వాళ్ళిద్దరూ మాట్లాడుకునేదాకా లోపలికి రానని.

"ఎప్పట్నించి తెలుసు?"

"నువ్వు పెంకుల సంచి ఎత్తిన రోజు నుంచి."

"మరి చెవిటిదన్నారు."

"నువ్వు బండి నడపాలి గదా. చేతులు వణికితే నేను చస్తా."

పుమ్లాని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "ఎందుకు పెట్టుకున్నారు నన్ను?" అన్నాడు.

డాక్టరు బత్తాయి తొన మీది పీచు తీశాడు. "మొదట్లో పగతోనే. పామెక్కడుందో తెలిస్తే నిద్ర పడుతుందని. ఒక ఏడాది రోజూ అనుకున్నా, రేపు చెబుతా, వీధిలో నిలబెట్టి చెబుతా అని. తర్వాత ఫ్యాక్టరీ పని పడింది." ఇంకో తొన విడదీసి, "క్షమించానా అని అడక్కు. నాకు తెలీదు. చలికాలంలో ఇప్పటికీ నడవలేను" అన్నాడు.

"నేను ఆ రోజు కార్లో చెబుదామనే..."

"తెలుసు. రెండుసార్లు నోరు తెరిచావు."

పుమ్లానికి ఏడుపు తన్నుకొచ్చింది. కడుపు కుట్లు లాగుతున్నాయని ఆపుకోబోయాడు, ఆగలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డాక్టరు ఆపమనలేదు.

"తీయించేసుకోండి అది," అన్నాడు చివరికి ముక్కు చీదుకుంటూ. "ఇప్పుడు మంచి సర్జన్లున్నారు. గంటలో తీసేస్తారు. నొప్పి పోతుంది."

"తీసేస్తే నువ్వు బతికున్నావో లేదో నాకెలా తెలుస్తుందిరా?"

అని, బత్తాయి తొన వాడి నోట్లో పెట్టి, వరండాలో ఉన్న ఆవిణ్ణి పులుసు వేడి చేసి తెమ్మని కేకేశాడు.