కుడి భుజం

రాజలింగం ఒట్లు పెట్టి నమ్మించే రకం కాదు. సైకిలు దిగగానే గుడిసె ముందు గొంతుక్కూర్చుని, జొన్నరొట్టె అడిగి మరీ తినేవాడు. కారం నషాళానికంటితే ముక్కు చీదుకుంటూ ఇంకో ముక్క అందుకునేవాడు. లంబాడీ తండాలో మంచినీళ్లు తాగడానికే మొహం తిప్పుకునే సర్కారు నౌకర్ల మధ్య, అట్లా రొట్టె తినే టీకాలాయన దేవుడే మరి. ద్వాళి అతన్ని 'అన్నా' అని పిలిచిందంటే తప్పు ఆమెది కాదు.

మానుకోట అడవి అంచున ఉన్న ఆ తండాకు మందు కావాలంటే కొండమీది కోతిని తెమ్మన్నట్టే. దవాఖాన మానుకోటలో ఉంది, దారిలో మిలిటరీ క్యాంపు ఉంది. నిజాం పోయి యూనియన్ సైన్యం వచ్చాక, అడవిలోని కమ్యూనిస్టు దళాలకు మందులు అందకూడదని చిట్టీ లేనిదే ఎవరినీ దవాఖానకు పోనిచ్చేవారు కాదు. కిందటేడు ద్వాళి కూతురు చాందీకి అమ్మోరు పోసింది. పిల్లను వీపున కట్టుకుని పోతే క్యాంపు దగ్గర ఆపి, "దళపోళ్లకు మందు తేవడానికేనా ఈ నాటకం?" అని అడిగారు. ఒళ్లంతా పొక్కులతో పిల్ల కళ్లెదుటే మూలుగుతుంటే అడిగిన మాట అది! వెనక్కి వచ్చే దారిలోనే చాందీ ప్రాణం పోయింది. మొగుణ్ణి అంతకు ముందే రజాకార్లు పొట్టన పెట్టుకున్నారు. పుట్టింటి తండాకు చేరిన ద్వాళికి మిగిలింది మూడేళ్ల కొడుకు జాల్యా ఒక్కడే. వాడికేమీ కాకూడదు. ఆమెకు వేరే మొక్కు లేదు.

అందుకే ఆ ఎండాకాలం రాజలింగం వచ్చి, "పక్కూర్ల అమ్మోరు మొదలైంది. ఐతారం టీకాలు తెస్త, అందర్ని జమచెయ్యి చెల్లె" అంటే ద్వాళికి కళ్లనీళ్లు ఆగలేదు. దవాఖానే కాళ్లు మొలిచి వస్తుంటే ఎవరికి ఆగుతాయి?

తండా పెద్దలు మాత్రం ససేమిరా అన్నారు. సూదులు పొడిపించుకుంటే అమ్మోరు పోసే సీత్లా తల్లికి కోపమొస్తుందని వాళ్ల భయం. ద్వాళి వాళ్ల దారిలోనే పోయి వాళ్లను పట్టుకుంది.

"సీత్లా పండుగనాడు ఏం జేస్తం? మనిషి, గొడ్డు, మేక అందరం తల్లి ముంగట నడుస్తం. ఒక్కరు తప్పినా పాపం అందరికి తగుల్తది. గిది గూడ గట్లనే అనుకోండ్రి. ఒక్కరు తప్పకుంట పొడిపిచ్చుకుందం."

తండా నాయకుడు భోజ్యా గడ్డం గోక్కున్నాడు. "బాగ జెప్పినవ్ బిడ్డా. అందరంటే అందరే. మరి నీ అన్న సేవ్యా గూడ రావాలె."

సేవ్యా దళంలో కలిసి అడవిపట్టి రెండేళ్లవుతోంది. కానీ కట్టుబాటు పెట్టింది ద్వాళే, తన అన్నకు మినహాయింపు ఎట్లా అడుగుతుంది? అడవికి కబురు పంపింది. మళ్లీ రొట్టె తినడానికి వచ్చిన రాజలింగం, "అందరొస్తరా చెల్లె? అడివిలున్నోళ్లు గూడనా?" అని అడిగితే, "ఒక్కరు తప్పరన్నా" అని గొప్పగా చెప్పింది కూడా.

ఐతారం రాజలింగం వెంట డబ్బా మోయడానికి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఆడవాళ్లకు, పిల్లలకు ఎడమ చేతిమీద గీరారు. "నాల్గొద్దులకు ఎర్రగై పొక్కుతది. పొక్కితేనే మందు పట్టినట్టు" అని రాజలింగం అందరికీ చెప్పాడు. జాల్యా ఏడ్చి గోల చేస్తే తానే ముద్దు చేశాడు. తర్వాత మగవాళ్ల వంతు. కబురందుకుని అడవి నుంచి వచ్చిన సేవ్యా కూడా వాళ్లలో ఉన్నాడు.

"అంగీలిప్పి కుడి భుజం పెట్టుండ్రి."

"మొగోళ్ల ఎడమ చేతికి తెగులొచ్చిందా అన్నా?" అంది ద్వాళి. తండా అంతా గొల్లుమంది. రాజలింగం కూడా నవ్వాడు, ఆమె వైపు చూడకుండా.

తుపాకి పేల్చినప్పుడల్లా దాని మడమ భుజాన్ని వెనక్కి తన్నుతుంది. తన్నగా తన్నగా కుడి భుజం కమిలి, చర్మం మొద్దుబారి నల్లగా కాయ కాస్తుంది. ఆ సంగతి తండాలో ఒక్క సేవ్యాకే తెలుసు. లైనులో నిలబడ్డాక, అంగీ విప్పాక, తడిగుడ్డతో భుజం తుడిచే కొత్తవాడి బొటనవేలు ఆ కాయ మీద ఆగాక గానీ అతనికీ స్ఫురించలేదు. రెండోవాడు డబ్బాలోంచి పిస్తోలు తీసి ఈల వేశాడు. చెలక గట్టు వెనక నుంచి పోలీసులు లేచారు.

సేవ్యా పెనుగులాడలేదు, చుట్టూ పిల్లలున్నారు. పోతూ పోతూ చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉండుంటే ద్వాళి తట్టుకునేది. తర్వాత క్యాంపు నుంచి కబురొచ్చింది, పారిపోతుంటే కాల్చామని.

ఏడుపుల మధ్యనే ద్వాళి జాల్యా చెయ్యి చూస్తూ వచ్చింది. నాలుగు రోజులైంది, వారం దాటింది. ఎర్రబడలేదు, పొక్కలేదు. గీరిన చోట చెక్కు కట్టి రాలిపోయింది. తండాలో ఏ పిల్ల చెయ్యి చూసినా అంతే.

మానుకోట అంగట్లో రాజలింగాన్ని పట్టుకుంది. నలుగురిలో అతని చొక్కా గుంజి నిలదీసింది.

"పిల్లల చేతులు పొక్కలేదేంది?"

"ఆ పొద్దు మందు లేకుండె చెల్లె. ఉత్త నీళ్లే. తుపాకోళ్లను పట్టెతందుకు మందెందుకు దండుగ అని క్యాంపోళ్లు అన్నరు. నా నౌకరి తీస్తమన్నరు. నాకూ పిల్లలున్నరు."

"మా అన్నను పట్టిస్తె పట్టిస్తివి. నా పోరనికి మందన్న పెట్టకపోతివా!"

రాజలింగం చొక్కా విడిపించుకుని జనంలో కలిసిపోయాడు.

మరుసటేడు అమ్మోరు నిజంగానే చుట్టుపక్కల దిగింది. ఈసారి వేరే టీకాలాయన వచ్చాడు, పడుచువాడు. వెంట ఎవరూ లేరు. తండా మొగదల్లోనే ఆగి, "నమ్మకపోతె చూడుండ్రి" అని ముందు తన చెయ్యే గీరుకున్నాడు. ఎర్రటి చుక్క లేచింది. తల్లులు పిల్లల్ని లోపలికి తోసి, గుడిసెల తడికెలు మూసి నిలబడ్డారు. అందరూ ద్వాళి వైపే చూశారు.

"నువ్వే చెప్పు బిడ్డా, నువ్వెట్లంటె గట్ల" అన్నాడు భోజ్యా.

ఆ పడుచువాడి మొహం మంచిగానే ఉంది. రాజలింగం మొహం ఇంతకంటే మంచిగా ఉండేది. తడికె వెనక జాల్యా 'యాడీ, యాడీ' అని తల్లిని పిలుస్తున్నాడు. వాణ్ణి తెచ్చి ఈయన ముందు పెట్టాలని ద్వాళి చేతులు కొట్టుకున్నాయి. కానీ మళ్లీ తన మాట విని బయటికొచ్చే వాళ్లలో ఎవరు పోతారో? ఎవరి కొడుకో, ఎవరి అన్నో?

"మా తండల పిల్లలు లేరు" అంది ద్వాళి. "పో."

అతను చాలాసేపు బతిమాలి వెళ్లిపోయాడు. ఆ ఎండాకాలం ముగిసేసరికి ఆమె మాట సగం నిజమైంది. జాల్యా ఆ సగంలోనే పోయాడు.