జాగ్రత్తయ్యగారి బండికి మారుతాళం

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ, వీధి వీధంతా జాగ్రత్తయ్యగారనే అంటుంది. అనక చస్తుందా? పాలవాడికి గిన్నె జాగ్రత్తంటాడు, పేపరతనికి గేటు జాగ్రత్తంటాడు. పెళ్ళాం ఎప్పుడో ఒక గొడుగు బస్సులో మర్చిపోయి వస్తే, ఏడాదిన్నర పాటు భోజనానికి కూర్చున్నప్పుడల్లా అదే పాఠం. "వస్తువు దానంతటది పోదే, మనిషి పోగొడితే పోతుంది," అని వేలు ఆడించేవాడు. ఆ వేలు చూస్తే ఇల్లాలికి ఒళ్ళు మండేది. గొడుగు పోగొట్టింది నిజమే కాబట్టి నోరు మూసుకునేది.

అలాంటి మనిషి మోటారుసైకిలుకి ఆయనకి తెలియకుండా మారుతాళం చేయించడానికి ఆ ఇల్లాలు పూనుకుందంటే, అవసరం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

సంగతేమిటంటే, పెళ్ళికి ముందు ఆవిడ ఒక ల్యాబులో పనిచేసింది. తర్వాత పిల్లలు, వాళ్ళ చదువులు, చూస్తుండగానే పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారు. పెద్దరోడ్డు మీది ల్యాబువాళ్ళు, ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిళ్ళు తెచ్చే మనిషి కావాలన్నారు. ఈవిడ వెళ్ళి సూది పట్టి చూపించింది. చెయ్యి ఏమీ మర్చిపోలేదు. "బండి మేమిస్తాం. లైసెన్సు తెచ్చుకుని సోమవారం వచ్చెయ్యండి," అన్నారు. ఆ రోజు ఆవిడ ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చింది.

నడపడం వచ్చు. మొగుడి అక్కగారే నేర్పింది, గోదాముల వెనక ఖాళీ స్థలంలో, రెండు నెలల పాటు, రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా. మూడుసార్లు పడి మోకాళ్ళు చీరుకుపోతే మూడుసార్లూ మెట్ల మీద జారానని ఇంట్లో బొంకింది. గురువారం పదింటికి పరీక్ష. తీరా సమయానికి వదినగారి బండి మొరాయించింది. మెకానిక్కు గేరుబాక్సు విప్పి, ముక్కలన్నీ ఒక పళ్ళెంలో పోసి, వచ్చే వారం చూద్దామన్నాడు. పరీక్షకి ఎవరి బండి వాళ్ళే తెచ్చుకోవాలి. ఇది తప్పితే మళ్ళీ నెలన్నర దాకా తేదీ లేదు. ల్యాబువాళ్ళు అన్నాళ్ళు ఆగరు.

మొగుణ్ణి అడగొచ్చుగా అంటారు. అడిగిందండీ! "ఏవండీ, నేను బండి నేర్చుకుంటే ఎలా ఉంటుంది?" అంది ఓ రోజు మెల్లగా. "నువ్వా? బండా?" అని ఆయన నవ్విన నవ్వుకి, తాగుతున్న నీళ్ళు ముక్కులోకెక్కి పావుగంట దగ్గాడు. ఆవిడ వీపు నిమురుతూనే, 'ఉండండి, మీ పని చెబుతా' అనుకుంది మనసులో.

పైగా ఆ బండి ఊరికే పడుంది. మూడు నెలలుగా ఆయన ఆఫీసుకి బస్సులోనే పోతున్నాడు. రోడ్ల మీద దుమ్ముకి బండి పాడైపోతుందట. ఆదివారం వస్తే దుప్పటి తీసి, తుడిచి, కాసేపు ఎక్కి కూర్చుని, దిగి, మళ్ళీ దుప్పటి కప్పేస్తాడు. తాళాల గుత్తి మాత్రం పగలు జేబులో, రాత్రి తలగడ కింద.

ఇంకో వింత ఉంది. ఈ మూడు నెలల్లోనే ఆయనకి పెళ్ళాం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "పాపం, ఎప్పుడు చూసినా ఇంట్లోనే ఉంటావు. ఓ పూట మా అక్క ఇంటికి వెళ్ళి రాకూడదూ?" అని రోజూ ఒకటే పోరు. ఇన్నేళ్ళకి నా మొహం కూడా కనబడిందన్నమాట అని ఆవిడ లోలోపల మురిసిపోయింది. ఇంత ప్రేమగా చూసే మనిషి జేబులో చెయ్యి పెట్టాలంటే కాస్త బాధ కూడా కలిగింది.

కలిగినా పెట్టింది. ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళి పాట అందుకోగానే, వంకెకి తగిలించిన ప్యాంటులోంచి గుత్తి లాగి వీధి మలుపుకి పరుగెత్తింది. అక్కడ తాళాలాయన బడ్డీ ఉంది. మనిషి ఒక్కడే పట్టే కొట్టు, మూడు గోడలకీ పళ్ళు కొయ్యని తాళంచెవులు వరసగా వేలాడుతుంటాయి. గుత్తిలో బండిది ఒకటే. తాళాలాయన దాన్ని మిషను దవడలో బిగించి, పక్కన కొత్తది బిగించి, కీచుమనిపించి, ఆకురాయితో రెండు రాపులు రాపి, ఉఫ్ఫని ఊది చేతిలో పెట్టాడు. ఆవిడ ఇంటికొచ్చేసరికి మొగుడు ఇంకా రెండో చరణంలోనే ఉన్నాడు.

సోమవారం ఆయన బస్సెక్కగానే దుప్పటి తీసి తాళం పెట్టింది. వెన్నలోకి దిగినట్టు దిగింది. తిప్పితే తిరగలేదు. బతిమాలింది, కసిరింది, కొబ్బరినూనె రాసింది. ఊహూఁ.

"నా తాళం తిరక్కపోవడమేంటమ్మా?" తాళాలాయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. "ముప్పై ఏళ్ళ చెయ్యి ఇది. మీరు తిప్పడంలో తేడా ఉండుంటుంది."

"తాళం తిప్పడానికి కూడా లైసెన్సు కావాలా ఏంటి?" అందావిడ చిర్రెత్తి.

మంగళవారం మళ్ళీ స్నానం, మళ్ళీ పాట, మళ్ళీ పరుగు. ఈసారి అతను కళ్ళద్దాలు తుడుచుకుని, కొలిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా చేశాడు. అదీ తిరగలేదు. అసలుది ఒకసారి పెట్టి చూద్దామన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు. ఎందుకొస్తుంది? అది సాక్షాత్తూ జాగ్రత్తయ్యగారి తాళం!

ఆ రాత్రి ఆవిడ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. గురువారానికి మధ్య ఉన్నది ఒక్క రోజు. మొగుడేమో పక్కనుంచి అదే పాట, అక్క ఇంటికి వెళ్ళి రాకూడదూ అని. వదిలించుకోవడానికి, "సరే, రేపు పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వస్తాను, చాలా?" అంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఆవిడకి మొదటిసారి అనుమానం తగిలింది గానీ, నిద్ర ముంచుకొచ్చింది.

బుధవారం తాళాలాయన పెట్టె పట్టుకుని ఇంటికే వచ్చాడు. తెలిసినవాళ్ళైనా పద్ధతి పద్ధతేనంటూ, ముందు బండి కాగితాలు చూపించమన్నాడు. చూపించింది. పేరు ఆయనదుంది కదా, మీరు ఆయన భార్యేనని నమ్మకమేంటన్నాడు. గోడ మీద పెళ్ళి ఫొటో చూపించింది. అతను ఫొటోని అటూ ఇటూ తలవంచి చూసి, "సారుకి అప్పుడు జుట్టుండేదే!" అని పనిలోకి దిగాడు.

లాకుని చూసి తాళం చేసే పద్ధతి వేరు. పళ్ళు లేని తాళంచెవిని కొవ్వొత్తి పొగలో నల్లగా మసిబట్టించి, లాకులో దూర్చి, అటూ ఇటూ కదిపి తియ్యాలి. లోపలి ముక్కలు ఒత్తుకున్నచోట మసి చెరిగి చుక్కలు కనబడతాయి. ఆ చుక్కల దగ్గర కాస్త రాపి, మళ్ళీ మసి, మళ్ళీ దూర్చడం. ఆవిడ కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది. గంటన్నర గడిచేసరికి ఇద్దరి ముక్కులూ నల్లబడ్డాయి. చివరికి టక్కుమని లాకు తిరిగింది. బండి ముందు పచ్చలైటు వెలిగింది. ఆవిడ చిన్నపిల్లలా గెంతింది.

తాళాలాయన మాత్రం గెంతలేదు. కొత్త తాళాన్నీ, తను ముందు చేసిన రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "నా చెయ్యి తప్పలేదమ్మా," అన్నాడు గర్వంగా. "మీరు తెచ్చిందే తప్పు. ఇదే కంపెనీ గానీ, వేరే బండి తాళం."

ఆవిడకి అర్థమయ్యేలోపు గేటు కిర్రుమంది. జాగ్రత్తయ్యగారు! పక్కన ఇంకో మనిషి, చేతిలో అచ్చం ఇలాంటి పెట్టె.

"ఏం బావా, నువ్వేంటిక్కడ?" అన్నాడు కొత్తవాడు. మార్కెట్టు దగ్గర తాళాలు చేసేవాడతను, మన తాళాలాయనకి బావమరిది.

"అమ్మగారు పిలిచారు. నువ్వో?"

"సారు పిలిచారు. ఇంట్లోవాళ్ళు ఊళ్ళోకి పోతున్నారు, చప్పున చేసెయ్యాలి రా అంటేనూ..."

జాగ్రత్తయ్యగారు కోపం తెచ్చుకుందామని నోరు తెరిచాడు. "నాకు తెలియకుండా నా బండికి..."

"మీ జేబులో తాళం తీసి పెట్టండి," అందావిడ. "తిప్పండి చూద్దాం."

ఆయన గుత్తి తియ్యలేదు. కాసేపటికి అంతా బయటికొచ్చింది. తలో చోటా ఉంటే పోతాయని, బండి తాళాలు రెండూ జాగ్రత్తగా ఒకే రింగుకి తగిలించాడట. మూడు నెలల కిందట, వానకి బండి ఇంట్లోనే వదిలి బస్సులో వెళ్ళిన రోజున, ఆ రింగు గుత్తిలోంచి జారి ఆఫీసు లిఫ్టు సందులో పడింది. అడిగితే ఆఫీసంతా నవ్వుతుందని అడగలేదు. గుత్తి బోసిగా ఉంటే ఇల్లాలు కనిపెడుతుందని, ఎప్పుడో అమ్మేసిన పాతబండి తాళం ఒకటి మిగిలుంటే అది తగిలించాడు.

"మూడు నెలలు!" అందావిడ. "వెళ్ళి రావే, వెళ్ళి రావే అంటుంటే నా మీద ప్రేమనుకున్నానండీ!"

"గొడుగుకి ఏడాదిన్నర సాధించినవాణ్ణి. ఏ మొహం పెట్టుకుని చెప్పను?" ఆయన తల ఎత్తలేదు. "నువ్వేమో గుమ్మం దాటవు."

"దాటకపోవడమేంటి? రోజూ రెండింటి నుంచి నాలుగింటి దాకా ఈ ఇంట్లో పురుగు కూడా లేదు!" అని, ఆ వేడిలోనే వదినగారి బండి, మోకాళ్ళు, ల్యాబు, రేపటి పరీక్ష అన్నీ కక్కేసింది. ఆయన ఆ మోకాళ్ళ వంక చూశాడు. ఈసారి నవ్వలేదు.

తాళం ఒకటే తయారైంది. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి చాచాడు. తాళాలాయన తాళాన్ని ఆ చెయ్యి దాటించి ఆవిడ చేతిలో పెట్టాడు. "లాకు చూసి చేసింది పిలిచినవాళ్ళకే ఇస్తాం సార్. మా కట్టుబాటది." బావమరిది కూడా తలూపాడు.

గురువారం పొద్దున, నేర్చుకునేవాళ్ళ వెనక లైసెన్సున్న మనిషి కూర్చోవాలి కాబట్టి, జాగ్రత్తయ్యగారు తన బండి మీద జన్మలో మొదటిసారి వెనక సీటులో కూర్చున్నాడు. దారిలో పదకొండు సార్లు జాగ్రత్తన్నాడు. పన్నెండోసారి అనబోయి, ఆవిడ గేరు మార్చిన తీరు చూసి ఊరుకున్నాడు.

ఆవిడ ఎనిమిది ఆకారం గీతల మధ్య ఎక్కడా కాలు కింద పెట్టకుండా తిరిగొచ్చింది. పరీక్ష పెట్టే అధికారి కాగితాలు తిరగేసి, గీత బయట చేతులు నలుపుకుంటూ నిలబడ్డ మనిషిని పిలిచాడు. "ఆవిడ పాసయ్యారు. బండి వేరే పేరున ఉందే, మీదేనా?"

"పేరు నాదే సార్," అన్నాడు జాగ్రత్తయ్యగారు. "తాళం ఆవిడ దగ్గరుంటుంది. నేనడిగితే ఇస్తుంది."

"అడిగి చూడండి, తెలుస్తుంది," అని ఆవిడ కిక్కు కొట్టింది.