ఏడో నంబరు చెట్టు పాలు

మంగ్గై పిక్కను పట్టుకున్న మూడో జలగను గోటితో ఊడదీసి, ఆకు మీద పెట్టి, లెక్క చూసుకున్నాడు. కొండ మీది ఏడో నంబరు చెట్టు దాకా పోయి రావడానికి నాలుగు గంటలు, పన్నెండు జలగలు. మూడు పట్టాయంటే దారి పావు వంతు తెగినట్టే. సరిగ్గా అప్పుడే కెతుపోంగ్ పిట్ట దారికి తప్పు పక్క నుంచి కూసింది.

ఆగిపోయాడు. ఆ కూత విన్నాక కూడా ముందుకు నడిస్తే కాలైనా విరుగుతుంది, కొమ్మైనా మీద పడుతుంది. ఇది ఊరంతా ఒకే కప్పు కింద బతికే ఇబాన్ తెగవాళ్ల పొడుగింట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అతను పనిచేసే పరిశోధనశాలలోనే ఎవరికీ తెలియదు. అక్కడి నియమాల కాగితంలో వానకు ఒక పేరా ఉంది, జ్వరానికి ఒక పేరా ఉంది, పిట్టకు లేదు.

అరవై రెండేళ్ల మనిషి. పొట్టివాడు, కాళ్లు కొంచెం వంకర. రబ్బరు చెట్లు గీసీ గీసీ కుడి భుజం ఎడమదాని కన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. గొంతు మీది పచ్చబొట్టు పువ్వు ముడతల్లో పడి వాడిపోయింది. రబ్బరు ధర పడిపోయినప్పుడు మిరియాలు వేశాడు. మిరియాల తీగలకు తెగులు సోకిన ఏడాది ఈ పని దొరికింది. మొత్తం మీద బతుకులో పెద్ద లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు. ప్రతి మంగళవారం చెట్టుకు గాటు పెట్టి, కారిన పాలు సీసాకు పట్టి, నంబరు రాసి, డాక్టర్ తియోంగ్ చేతికివ్వాలి. ఆమె ఆ పాలలోంచి ఒక పదార్థం తీసి, దాని తోక కత్తిరించి ఇంకో తోక అతికించి, హెచ్‌ఐవీ మీదికి వదులుతుంది. ఆ మందు ఎవరికి కావాలో మంగ్గైకి తెలుసు. చెల్లెలి కొడుకు బింతులు అనే ఊరి రేవులో పనిచేస్తూ ఆ జబ్బు తెచ్చుకున్నాడు. రోజూ మింగే మాత్రలు ఈమధ్య అతనికి పట్టడం లేదు.

పిట్ట కూసిన రోజు మంగ్గై వెనక్కి తిరిగి బావమరిది మిరియాల తోటకు వెళ్తాడు. తోట చివర అలాంటిదే ఒక చెట్టు ఉంది. అదే ఆకు, అదే బెరడు, అవే లేత పసుపు పాలు. ఏడో నంబరుకు చుట్టమే కదా, రక్తం ఒకటే ఉంటుందని అతని నమ్మకం. సీసా మీద మాత్రం ఏడు అనే రాస్తాడు.

ఆ రోజు తోటలో బావమరిది జింబున్ రంపపు మిషన్‌కు పదును పెడుతున్నాడు.

"ఏం బావా, కొండే నీ దగ్గరికి దిగొచ్చిందా?"

"పిట్ట కూసిందిరా."

"జీతమిచ్చేది పిట్టో డాక్టరమ్మో ముందు తేల్చుకో. పాలు తొందరగా పట్టుకో. మధ్యాహ్నం ఈ చెట్టు కొట్టేస్తున్నా. పడవకి పలకలు కావాలి."

"అడవంతా వదిలేసి ఇదే దొరికిందా నీకు?"

"నా తోట, నా చెట్టు. రెండేళ్లు దీని పాలతో నువ్వు బతికావు. ఇక దీని పలకల మీద నేను తిరుగుతా."

ఇకమీదట పిట్ట కూస్తే ఏం చెయ్యాలా అన్నదొక్కటే మంగ్గై దిగులు. సీసా నింపుకుని బయల్దేరాడు.

పరిశోధనశాల గేటు దగ్గరికి డాక్టర్ తియోంగ్ పరుగెత్తుకొచ్చింది. జుట్టు ముడిలో గుచ్చుకున్న పెన్సిల్ ఊగుతోంది.

"అంకుల్! మీ ఏడో నంబరు! నేను మార్చిన పదార్థం వైరస్‌ని కణాల్లో కదలనివ్వలేదు!"

లోపలికి లాక్కెళ్లి బల్ల మీద పొడుగాటి కాగితం పరిచింది. నూట మూడు సీసాలు, వరసగా. ఇరవై మూడింటికి ఎర్ర చుక్క.

"సరుకంతా ఈ ఇరవై మూడింటిలోనే ఉంది. మిగతావి ఉత్త జిగురు. వాన వల్ల అనుకున్నా, ఎండ వల్ల అనుకున్నా. చివరికి అమావాస్య, పౌర్ణమి కూడా చూశా. ఒకే చెట్టు ఇన్ని వేషాలెందుకు వేస్తోంది? రేపు పదిమందితో కొండెక్కుదాం."

ఆ ఎర్ర చుక్కలు ఏ మంగళవారాలవో చూడగానే మంగ్గైకి తెలిసిపోయింది. నోరు విప్పకపోతే ఉద్యోగం ఉంటుంది, చెట్టు పోతుంది, ఈ పిల్ల ఆ కొండ మీద పదేళ్లు వెతుక్కుంటుంది. విప్పితే చెట్టు ఉంటుంది, ఉద్యోగం పోతుంది. మేనల్లుడిని తలుచుకుంటే తూకం ఒకవైపే ఒరిగింది. గోడ గడియారంలో పదకొండున్నర.

నడుముకు చుట్టుకున్న నార తాడు విప్పి కాగితం పక్కనే పరిచాడు. పండక్కి ఎన్నాళ్లుందో వాళ్ల మనుషులు ముళ్లతోనే లెక్కపెడతారు. ఈ తాడుకు మంగళవారానికో ముడి ఉంది. కొన్ని ముళ్లలో ఎర్ర గుడ్డ పీలిక ఉంది.

"ఎర్ర ముడి పడ్డ రోజు నేను కొండెక్కలేదు డాక్టరమ్మా. వేరే చెట్టు పాలు పట్టా."

"ఎందుకు?"

"పిట్ట కూసింది."

ఆమె పెన్సిల్ తీసి ముడికీ చుక్కకీ జత కలుపుతూ పోయింది. ఇరవై మూడుకు ఇరవై మూడూ కలిశాయి. కుర్చీలో కూలబడింది.

"అంటే, రెండేళ్లుగా నేను పిట్ట కూతకి గ్రాఫు గీస్తున్నానా?"

"ఎగ్గొట్టిన రోజులన్నీ ఎప్పటికైనా కొండెక్కి తీర్చేద్దామని ముళ్లేసుకున్నానమ్మా."

"ఏమీ తీర్చొద్దు! ఆ చెట్టెక్కడ?"

"మా బావమరిది తోటలో. మధ్యాహ్నం దాకా ఉంటుంది."

జీపు తోట చేరేసరికి రంపం చప్పుడు ఆగిపోయి ఉంది. మంగ్గై జీపు ఆగకముందే దూకాడు. కానీ చెట్టు నిలబడే ఉంది. మొదలు దగ్గర జానెడు లోతు గాటు, అందులోంచి ధారగా పాలు. జింబున్ నేల మీద బాసింపట్టు వేసుకుని రంపం గొలుసును చాకుతో గీకుతున్నాడు.

"ఇదేం చెట్టు బావా! గొలుసంతా జిగురే. కిరసనాయిలు పోసినా వదలట్లేదు."

డాక్టర్ తియోంగ్ తన టిఫిన్ డబ్బాలోని నూడుల్స్ నేల మీద కుమ్మరించి, ఖాళీ డబ్బా గాటు కింద పట్టింది. జింబున్ నూడుల్స్ వంకా ఆమె వంకా చూశాడు.

"ఈమెక్కూడా పిట్ట కూసిందా?"

"మీ పడవకి పలకలు నేను తెప్పిస్తా. ఈ చెట్టు జోలికి రాకండి," అందామె.

"తారు కూడా పూయించి ఇస్తేనే," అన్నాడు జింబున్.

సాయంత్రం పరిశోధనశాలలో ఆమె మాట కోసం తడుముకుంటుంటే మంగ్గైయే అందించాడు.

"నంబరు తప్పు రాస్తే పని పోతుందని మొదటిరోజే సంతకం పెట్టించుకున్నారు. నేను వెళ్తానమ్మా."

"పైవాళ్లతో మాట్లాడతా, అంకుల్."

"ఏమని? పిట్టకి భయపడ్డాడనా? అది ఇంగ్లీషులో రాస్తే మీ ఉద్యోగం కూడా పోతుంది."

ఆమె నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. అతను గాటుకత్తి కడిగి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు ముడి కూడా వేసి, అందులో ఎర్ర పీలిక బిగించి, తాడు ఆమె ముందే వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో పొడుగింటి దారి పట్టాడు.

తాడును ఏ ఫైల్లో పెట్టాలో ఆమెకు తోచలేదు. చివరికి సీసాల అలమరలో ఒక మేకుకు తగిలించింది. నూట నాలుగు ముళ్లు, ఇరవై నాలుగు ఎర్ర పీలికలు, వాటి కింద ముడి పడని మూరెడు తాడు.